నీళ్ల కింద కళ్లం

మొన్న మా వీధి చివర ఎవరింట్లోనో పెళ్లికి తప్పెట్లు కొట్టేవాళ్లు వచ్చారు. కొట్టే ముందు గడ్డి మంట వేసి, తప్పెటను దాని మీద తిప్పుతూ కాస్తారు, తోలు బిగుసుకోవాలని. నేను వాకిట్లో కూర్చుని చింతపండుకు ఈనెలు తీస్తున్నాను. తోలు వేడెక్కిన వాసన గాలిలో వచ్చి ముక్కుకు తగిలింది. చేతులు అట్లే ఆగిపోయాయి. అది మా పుట్టి వాసన. ఎండకు కాగిన మా పుట్టి వాసన.

నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెప్తుంటే మనవరాలు రాస్తోంది. మధ్యలో నా మాట సరిచేయబోతుంది. అన్నది అన్నట్టు రాయవే అంటాను.

మాది నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య కుందూ ఒడ్డున ఒక పల్లె. చేపలు పట్టే కులం. పొలం లేదు, గొడ్డూ గోదా లేదు. ఉన్నదంతా ఒక పుట్టి, మూడు వలలు. పుట్టి అంటే ఇప్పటి పిల్లలకు చెప్పాలి. వెదురు బద్దలతో పెద్ద గంపలాగా అల్లి, బయట ఎనుము తోలు బిగించి కుడతారు. దానికి ముందూ వెనకా ఉండదు, గుండ్రంగా ఉంటుంది. నలుగురు కూర్చోవచ్చు. మాది మా తాత కట్టినది. తోలు పుట్టికి జబ్బు ఒకటే. నీళ్లలో ఉన్నన్ని రోజులు మెత్తగా, బాగా ఉంటుంది. ఒడ్డున ఎండకు వదిలితే బిగుసుకుని, పెళుసెక్కి, చీలుతుంది. అందుకే ఎండాకాలంలో ఇంట్లో పసిబిడ్డకు పోసినట్టు దానికి రోజూ నీళ్లు పోసేవాళ్లం.

నాకు పదేళ్లుంటాయేమో. వరసగా రెండేళ్లు వానలు లేవు. కుందూలో మడుగులు ఇంకిపోయాయి. మా నాయన పొద్దంతా వల విసిరితే వేలెడంత పక్కెలు పడేవి. చిన్నాయన అప్పటికే ఏరు వదిలేసి, బేతంచెర్లలో బండలు పాలిషు పట్టే పనికి పోయాడు. వచ్చినప్పుడల్లా మా అమ్మకు అక్కడి సంగతులు చెప్పేవాడు. ఆమె వింటూ, చేస్తున్న పని మరిచిపోయేది.

ఒకరోజు నాయన సంగటి ముద్ద ముందు పెట్టుకుని అన్నాడు.

"డ్యాం కట్టినాక కొత్తపల్లె దిక్కు కృష్ణ నీళ్లు నిలిచినాయంట. చూపు ఆనడం లేదంట. పుట్టి ఆడికి తీసుకపోదాం."

మా జేజికి, అంటే నాయన తల్లికి, ముద్ద గొంతులో అడ్డం పడింది.

"ఏందీ? నిలిచిన నీళ్లా? పారని నీళ్లల్లో కప్ప తప్ప ఏం బతుకుతాదిరా?"

"మనిషంత వాలుగ పడిందంటమా."

"చెప్పినోడు చూసినాడా, తిన్నాడా?"

"బస్సు కండక్టరు చెప్పినాడు."

"అయితే టికెట్టు కూడా కొట్టిచ్చుకో."

అమ్మ నవ్వలేదు. తమ్ముడిని చంకలో వేసుకుని గోడకు ఆనుకుని నిలబడింది. "నీ తమ్ముడు బండల కాడ చేరి ఇంటికి కప్పు ఏసుకున్న్యాడు. వారం వారం కూలి వస్తాది. మనం మటుకు నీళ్ల ఎనకాల్నే తిరగాల్నా? అయి ఎప్పుడు పిలిచ్చే అప్పుడు పోవాల్నా?"

నాయన ముద్ద పక్కకు నెట్టాడు. తర్వాత చెయ్యి కడుక్కుని చెప్పాడు. "దసరా దాకా చూస్తా. దసరా నాటికి ఆ నీళ్లు మనకు కూడు పెట్టకపోతే నేనే బేతంచెర్లకు వస్తా. పుట్టి ఇప్పేస్తా. వెదురు పొయ్యిలోకి, తోలు తప్పెటోళ్లకు. మళ్లా దాని ఊసెత్తితే నన్నడుగు."

ఆ వారం వచ్చిన చిన్నాయన ఆ మాట పట్టుకున్నాడు. "దసరా అయిన మూడోనాడు మా బండల లారీ కొత్తపల్లెకు వస్తాది. దాంట్లో వస్తా. మూటాముల్లె కట్టుకోని ఉండండి, వదినా."

అట్లా మా బతుకు దసరాకు ముడిపడింది. జేజికి ఏరు కావాలి, అమ్మకు కప్పు కావాలి, నాయనకు పుట్టి కావాలి. నాకేం కావాలో ఎవరూ అడగలేదు. బండి ఎక్కితే చాలనుకున్నాను.

మేత కోసం ఆత్మకూరు దిక్కు పోతున్న ఒక రైతు బండి దొరికింది. పుట్టిని బోర్లించి బండి మీద గూడులాగా కట్టారు. కింద మేము, మూటలు, వలలు. లోపల చీకటి. తోలు వాసన, ఎండుచేపల వాసన, జేజి వక్కాకు వాసన. అడుగు అడుగుకూ పుట్టి కిర్రు కిర్రుమనేది. పైన తడి గోనెపట్టాలు పరిచి ఉంటాయి. అవి ఆరకుండా నీళ్లు చల్లడం నా పని. పొద్దు నడినెత్తికి వస్తే గోనె గడియలో ఆరిపోయేది.

నంద్యాలలో బజారు మధ్య బండి ఆగింది. ఉగ్గాని, మిరపకాయ బజ్జీల వాసనకు నా కడుపు కేకలు వేసింది. కొట్టు ముందు నిలబడిన ఒకతను పుట్టిని వింతగా చూసి అడిగాడు. "ఏం పెద్దమ్మా, ఇంత పెద్ద గంప, దేనికి?"

జేజి లోపలి నుంచే చెప్పింది. "అల్లరి చేసే మొగోళ్లను మూతేసి పెడతాం నాయనా. రా, ఖాళీ ఉండాది."

అతను అందరికీ బజ్జీలు ఇప్పించాడు. జేజి నోటికి అంత బలముండేది.

వెలుగోడు చేరకముందు ఒక ఊరిలో దిగుడుబావి కనబడింది. పుట్టిని అందులో నానబెట్టుకుంటామంటే నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు బిందెలు దించి అడ్డం నిలబడ్డారు. "ఎనుము తోలు మా తాగే నీళ్లల్లోనా? ఊరికే పోతాండారా, మొగోళ్లను పిలవాల్నా?" వాళ్ల తప్పేం లేదు. కానీ పుట్టి అంచున తోలు తెల్లబడి, గీతలు తేలడం మొదలుపెట్టింది. నాయన జ్వరమొచ్చిన బిడ్డకు చూసినట్టు దాని మీద చెయ్యి పెట్టి చూసి, అమ్మ దిక్కు చూశాడు. ఆఖరికి ఊరిబయట గొడ్లు పడుకునే బురద కుంట దొరికింది. పుట్టిని అందులోకి దించితే, నానుతున్న ఎనుములు తలలు తిప్పి చూశాయి. ఒకటి దగ్గరకు వచ్చి మూచూసింది.

"సుట్టాలను పలకరిస్తాండాది," అన్నది జేజి.

ఆ దారిలోనే నేనొక పని చేశాను. బండి వెనక నడుస్తున్నట్టు నడిచి, ఒక చేలో దూరి చెనిక్కాయ చెట్లు, అంటే వేరుశనగ, పీకాను. కాయలన్నీ పుట్టి బద్దల సందుల్లో దోపాను, ఎవరికీ కనబడకుండా. ఆ రాత్రి మేము ఆగిన చావిట్లో ఎలుకలు వచ్చి కాయలూ తిన్నాయి, కాయల వెనక తోలూ కొరికాయి. పొద్దున్నే జేజి తడిమి చూస్తే రెండు వేళ్లు దూరేంత బొక్క. నా చెవి పట్టుకుంది. నేను ఏడవబోతే నోరు మూసింది.

"ఊరికుండు. మీ నాయనకు తెలిసిందా, ఇప్పుడే పుట్టి ఇప్పేస్తాడు." పాత చెప్పు తోలు కోసి, ఆముదంలో గుగ్గిలం కాచి, ఎవరూ చూడకముందే అతుకు వేసింది. వేసి, చెయ్యి చాచింది. "ఎన్ని మిగిలినాయి కాయలు? నాకూ పెట్టు."

నాలుగోనాటి మధ్యాహ్నం నీళ్లు కనబడ్డాయి.

ముందు ఆకాశమనుకున్నాను. మిట్ట ఎక్కేసరికి కింద ఒక ఆకాశం ఉంది. ఇంత దారిలో మాకు ఒక చినుకు పడలేదు. ఎక్కడో ఎవరి దేశంలోనో కురిసిన వాన అంతా వచ్చి ఇక్కడ నిలిచిపోయింది. నీళ్ల మధ్యలో ఎండిన చెట్ల తలలు, వాటి మీద కొంగలు. కుళ్లిన కట్టె వాసన, తడి మట్టి వాసన. అలలు ఒడ్డుకు వచ్చి పోతున్నాయే కానీ, నీళ్లు ఏ దిక్కుకూ పోవడం లేదు. జేజి ఒడ్డున కూర్చుని వేలు ముంచి చూసింది, కూరలో ఉప్పు చూసినట్టు. "నేను ఈ నీళ్లల్లో కాలు పెట్టను," అన్నది. అన్నమాట ప్రకారం చాలా రోజులు పెట్టలేదు.

మరుసటి పొద్దున నాయన పుట్టికి పసుపు రాసి, నిమ్మకాయ కోసి, గడ చేతబట్టి నీళ్లలోకి తోశాడు. ఏటి మనుషులం మేము. మాకు పుట్టి నడపడమంటే గడతో అడుగును పొడిచి తొయ్యడమే. ఎన్ని తరాలనుంచో అదే. ఇరవై బారలు పోయాడో లేదో, గడ దించితే దిగుతూనే ఉంది. చెయ్యి మునిగింది, మోచెయ్యి మునిగింది. అడుగు తగల్లేదు. అంతలో గాలి లేచింది. పుట్టి ఒకచోట బొంగరంలాగా తిరిగి, తిరుగుతూనే లోపలికి పోసాగింది. నాయన దగ్గర తెడ్డు లేదు. ఏటిలో ఎన్నడూ దాని అవసరం రాలేదు. ఉన్నది సద్ది తెచ్చుకున్న కంచు తట్ట. రొట్టె, ఉల్లిగడ్డ కారం గుడ్డలో కట్టి పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, తట్టతో నీళ్లు వెనక్కి నెట్టడం మొదలుపెట్టాడు.

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను కేకలు వేయబోతుంటే, నా వెనక ఎవరో నవ్వారు. తెల్లచీర కట్టుకున్న ఒక ముసలామె, నెత్తిన కట్టెల మోపు.

"ఏమప్పా," అని నీళ్ల మీదికి అరిచింది, "ఎవరికి వడ్డిస్తాండావు?"

నాయన ఒడ్డు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. సిగ్గుతో ఎవరి ముఖమూ చూడలేదు. ముసలామె తన మోపు విప్పి, నీళ్లు ఒడ్డుకు తోసిన ఒక పలక తీసి ఇచ్చింది. "ఇది రెడ్డోళ్ల గొడ్లపాక తలుపు. తెడ్డు చేసుకో. ఇంగ తలుపు తీసే పని లేదు దానికి."

అట్లా ఆ అవ్వ మాకు తెలిసింది. ఆమె ఊరు ఆ నీళ్ల కింద ఉంది. మిట్ట మీద కొత్తగా కట్టిన ఇళ్లలో కూతురి దగ్గర ఉండేది. కిరస్తానం ఇల్లు. నేను నాలుగు చెనిక్కాయలు పెట్టినా, కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పుకునే తినేది. పొద్దున, సాయంత్రం ఒడ్డున కట్టెలు ఏరుకుని, అయిపోయాక ఊరికే కూర్చుని నీళ్లను చూసేది.

తెడ్డు అయితే వచ్చింది, చేపలు రాలేదు. జేజి ఒడ్డునుంచే ఉపాయాలు చెప్పేది. "పారకానికి అడ్డం కట్టరా వల. చేప ఎదురెక్కుతాది." పారకం ఏది? నాయన అట్లే కట్టాడు. మా పొడుగు వల దండెం మీద ఆరేసిన చీరలాగా నీళ్లలో ఊరికే వేలాడింది. రెండు రోజులకు మూడు జెల్లలు. ఇంకా లోపలికి పోయి, మట్టి గుండ్లు అడుగుకు ఆనేటట్టు దించాడు. ఎత్తబోతే రాలేదు. నీళ్లు రాకముందు అక్కడి తుమ్మచెట్లు కొట్టేశారు కానీ మొద్దులు వదిలేశారు. ఆ మొద్దులు వలను పట్టుకున్నాయి. బలం పెట్టి లాగితే సగం వచ్చింది, సగం కిందే ఉండిపోయింది. రెండో వలా అట్లే పోయింది.

మూడోది జేజి తన చేతులతో అల్లిన వల. మా తాత పోయిన ఏడాది, ఏడుస్తూ కూర్చోకుండా అల్లిందట. దాన్ని నాయన మూటలోంచి తియ్యలేదు. దసరా అయిపోయింది. చిన్నాయన లారీకి ఇంకా ఒక్కరోజే. ఒడ్డున వేసుకున్న గుడిసెలో అమ్మ గిన్నెలు తోమి బోర్లించి, మూటలకు తాడు వెతుకుతోంది. చింతాకు పప్పు, సంగటి. చేపల వాళ్ల ఇంట్లో నెలరోజులుగా చేపల పులుసు వాసన లేదు.

ఆ పొద్దున నేను అమ్మ పాతచీరతో ఒడ్డున పక్కెలు పట్టి, నాలుగు అవ్వకు ఇచ్చాను. ఆమె పక్కన కూర్చున్నాను.

"ఏం చూస్తాండావు అవ్వా, దినామూ?"

"మా ఊరు."

"యాడుండాది?"

"నువ్వు చూసే కాడనే. కింద." చెయ్యి చాపింది. "ఆ ఎండిన తల కనపడుతాంది సూడు, అది పీర్లచావిడి కాడ యాపచెట్టు. దానికి ఈ పక్క మా గుడిసె. ఆ పక్క సమాధులు, నా మొగుడు ఆడుండాడు. అది దాటితే కళ్లం. అద్దం మాదిరి ఉండేది బిడ్డా. గింజ పడితే ఏరుకోవచ్చు. ఒక రాయి గాని, ఒక ముల్లు గాని ఉండనిస్తినా నేను?"

నేను పరిగెత్తుకుంటూ పోయి నాయనకు వింతగా చెప్పాను. "నాయనా, నీళ్ల కింద కళ్లముండాదంట. అద్దం మాదిరి ఉంటాదంట."

నాయన చినిగిన వల ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. చేతిలో దారం కదురు ఆగింది. "ఏందీ?" అన్నాడు. మళ్లీ చెప్పించుకున్నాడు. జేజి కూడా లేచి వచ్చింది. రాయి లేదు, ముల్లు లేదు, మొద్దు లేదు. వల చినగని నేల ఒకటి ఆ నీళ్ల కింద ఉంది.

ముగ్గురం అవ్వ దగ్గరకు పోయాం.

"పెద్దమ్మా, ఆ కళ్లం యాడుండాదో గుర్తు పట్టగల్తావా?"

"నేల మీద అయితే కండ్లు మూసుకోని పోతా. నీళ్ల మీద ఏం గుర్తప్పా?"

"ఎవరిది కళ్లం?"

"రెడ్డోళ్లది. వాళ్లు నంద్యాలకు పాయిరి. కళ్లం వాళ్లదే, అలికింది నేను. ఊరికంతా తూర్పారబట్టిందీ నేనే." తనలో తాను అనుకున్నట్టు అన్నది. "చాట ఎత్తేటప్పుడు గాలి ఎడమ చెంపకు తగలాల. ఎదురుగా ఆ గుట్ట. గుట్ట మీద రెండు గుండ్లుండాయి గదా, పీట మీద నిలబడితే చిన్నది పెద్దదాని ఎనకాల పోయి ఒకటే కనపడేది. చేతులు నొప్పి పుట్టినప్పుడంతా దాన్నే చూసేదాన్ని."

నాయన గుట్ట దిక్కు చూశాడు. "వస్తావా పెద్దమ్మా? పుట్టిలో?"

ఆమె ముఖం మారిపోయింది. "వద్దు నాయనా. ఆయన తల మీద నుంచి పోవాల గదా. తప్పు."

జేజి ఆమె పక్కన కూలబడింది. ఇద్దరూ మొగుళ్లు పోయినవాళ్లే. ఇప్పుడు నేనూ ఆ వరసలో చేరాను కాబట్టి, ఆ పూట జేజి ఆమెతో అన్న మాట నాకు ఇప్పుడు బాగా అర్థమవుతుంది.

"ఒడ్డున కూసోని దూరంగా చూస్తాండావు. దగ్గిరికి పోయి చూసిరావచ్చు గదా. తల మీద పోతే ఏమైతాది? వాన పోదా, పిట్ట పోదా? పోయినాయన ఇన్ని నీళ్లు మోస్తాండాడు, నిన్ను మోయలేడా?"

అవ్వ చాలాసేపు కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. తర్వాత కళ్లు తెరిచి జేజిని అడిగింది. "నువ్వెక్కుతావా?"

జేజి నీళ్ల దిక్కు చూసింది. నా దిక్కు చూసింది. చీర కుచ్చిళ్లు దోపుకుంది. "పద," అన్నది.

పుట్టిలో నాయన తెడ్డు వేస్తున్నాడు. జేజి, అవ్వ ఎదురెదురుగా కూర్చున్నారు. ఊరిన నీళ్లు ముంతతో తోడేందుకు నేను. అతుకు దగ్గర నీళ్లు ఊరుతుంటే జేజి కాలి మడమ దాని మీద పెట్టింది, నాయన చూడకుండా. ఎండిన వేపచెట్టు దాటాం. అవ్వ నీళ్లలోకి చూడలేదు, నా మోకాలు గట్టిగా పట్టుకుంది. కొంచెం పోయాక కళ్లు మూసుకుని ఏదో అనుకుంది. నాయన తెడ్డు చప్పుడు చెయ్యకుండా వేశాడు.

తర్వాత ఆమె గుట్ట దిక్కు చూడసాగింది. "ఇంకా పోవాల... ఇంకా... కూసుంటే తెలవడంల్యా. నేను నిలబడే గదా చూసేది."

"పుట్టిలో నిలబడకూడదు పెద్దమ్మా. బోల్తా పడతాది."

"కూసోని ఎవరన్నా తూర్పారబడతారా అప్పా?"

లేచి నిలబడింది. పుట్టి ఒక పక్కకు ఒరిగింది, నీళ్లు లోపలికి వచ్చాయి. నాయన అటు పక్కకు వాలాడు. జేజి ఆమె నడుము పట్టుకుంది, నేను కాళ్లు కావలించుకున్నాను. ఆమె రెండు చేతులూ పైకెత్తింది, చాట పట్టుకున్నట్టు. గాలికి చెంప తిప్పింది.

"ఎనక్కి. కొంచెం ఎనక్కి అప్పా. ఇంగ నాలుగడుగులు కుడిచేతి పక్కకు."

నీళ్ల మీద అడుగులు లెక్కపెడుతోంది. నాయన ఆమె చెప్పినట్టే తిప్పాడు. నేను తలెత్తి చూశాను. గుట్ట మీద రెండు గుండ్లు మెల్లగా దగ్గరకు జరిగాయి. చిన్నది పెద్దదాని చాటుకు పోయింది.

"ఈడే," అని చేతులు దించింది.

నాయన తాడుకు రాయి కట్టి వదిలాడు. గట్టి నేల తగిలింది. తాడు పట్టుకుని అటు లాగాడు, ఇటు లాగాడు. రాయి ఎక్కడా చిక్కుకోకుండా, నున్నటి గచ్చు మీద ఈడ్చినట్టు వచ్చింది.

ఒడ్డుకు వచ్చేసరికి చిన్నాయన దిగి ఉన్నాడు. చెప్పినదానికంటే ఒకరోజు ముందే వచ్చాడు. వెంట్రుకల మీద, కనుబొమల మీద బండల తెల్లదుమ్ము. లారీ మరుసటి మధ్యాహ్నం తిరిగి పోతుందట. నాయన మూటలోంచి జేజి అల్లిన వల తియ్యడం చూసి నవ్వాడు. "అన్నా, పోయేటప్పుడు కూడా ఇది చించుకోనే పోతావా?"

నాయన జేజి ముఖం చూశాడు. వల ఆమెది. "కట్టుకోరా," అన్నది. "మూటలో ఉంటే అదేమన్నా ఈత కొడతాదా?"

సాయంత్రం వల దించి వచ్చారు. తెల్లారగానే నాయన, చిన్నాయన పుట్టి ఎక్కారు. నేను ఏడ్చి వాళ్ల వెంట పోయాను. నాయన అంచు తాడు పట్టి లాగాడు. రాలేదు. ఇంకోసారి లాగాడు. రాలేదు. ఈ వలను కూడా మొద్దు పట్టుకుంది అనుకున్నాడు. తాడు వదిలేసి, పుట్టి అంచున తల ఆనించుకున్నాడు. నేను ఆయన్ను అట్లా ఎన్నడూ చూడలేదు. చిన్నాయన ఇంక నవ్వలేదు. తాడు తన చేతికి తీసుకున్నాడు, మెల్లగా బిగబట్టి, ఊరకుండిపోయాడు.

"అన్నా," అన్నాడు. "మొద్దు అయితే కదలదు గదా. ఇది ఊపిరి తీస్తాండాది."

ఇద్దరూ కలిసి లాగారు. ముందు తెల్లటి కడుపు ఒకటి తిరగబడింది. తర్వాత ఇంకోటి. బొచ్చెలు, నా అంత పొడుగున్న వాలుగ ఒకటి, రవ్వలు. పుట్టి నిండి, దాని అంచు నీళ్లకు నాలుగు వేళ్లు పైన తేలింది. నేను కాళ్లు పెట్టుకునే చోటు లేక వాలుగ మీద కూర్చున్నాను. అది నన్ను తోకతో కొట్టింది. వలలో ఒక్క కన్ను చినగలేదు.

ఒడ్డున అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని నిలబడి ఉంది. మూటలు కట్టి, వరసగా పెట్టి ఉన్నాయి. చేపలను చూసింది. చిన్నాయన గంప దించి, దుమ్మూ పొలుసులూ కలిసిన చేతులు లుంగీకి తుడుచుకుంటూ అడిగాడు.

"ఉప్పుండాదా వదినా? ఎండెక్కకముందే ఉప్పు పట్టియ్యాల ఇయిటికి."

"ఇన్నిటికి యాడిది?" అన్నది అమ్మ. "నీ లారీ కొత్తపల్లెలోనే గదా ఉండేది. పొయ్యి ఉప్పు పంపు. మమ్మల్ని ఎక్కిచ్చుకోవాలనుకున్న జాగాలో మూటలకు మూటలు ఎక్కిచ్చి పంపు."

చిన్నాయన ఆమె ముఖం చూశాడు, కట్టిన మూటల దిక్కు చూశాడు. "కప్పు వద్దా వదినా?"

"కప్పు ఈడ ఏసుకుంటాం. నువ్వు బండలు తెచ్చియ్యి, బేతంచెర్లవి. బేగా పో, ఎండెక్కుతాంది."

అవ్వ కట్టెలు ఏరుకోవడానికి వచ్చి దూరంగా నిలబడింది. నాయన ఆమెను పిలిచాడు. ఆమె గంప చుట్టూ ఒకసారి నడిచి చూసి, రెండు చేతులూ నడుముకు పెట్టుకుంది.

"కళ్లం కాడ మేర ఇయ్యాల గదా అప్పా," అన్నది.

మేర అంటే కళ్లంలో రాశి కొలిచే ముందు, పని చేసినవాళ్లకు తీసిపెట్టే పాలు. రైతు ఇచ్చేది కాదు, వాళ్లకు రావలసింది. మా కులంలో మొదటి చేపను తిరిగి నీళ్లకు ఇస్తాం, గంగమ్మకు. నాయన జేజి దిక్కు చూశాడు. జేజి అన్నిటికంటే పెద్ద బొచ్చెను మొప్ప పట్టి ఎత్తి, అవ్వ చేతుల్లో పెట్టింది. "గంగమ్మకు రేపు ఇస్తాం. ఆమె ఈడికి కొత్తగా వచ్చింది. ఈమె పాత మనిషి."

ఆ పూట మా పొయ్యి మీద చింతపండు పులుసు కాగింది. మెంతులు వేయించిన వాసన మిట్ట దాకా పోయింది. అవ్వ స్తోత్రం చెప్పుకునేదాకా జేజి ముద్ద నోట్లో పెట్టకుండా ఆగింది. నేను మటుకు ఆగలేదు.

తర్వాత ఇరవై ఏళ్లు అక్కడే ఉన్నాం. అవ్వ మాకు ఇంకా ఎన్నో చూపించింది. ఏ గడ్డివాము దొడ్డి ఎక్కడ, ఏ బావి నోరు తెరుచుకుని ఎక్కడ ఉంది, ఎక్కడ వల వెయ్యకూడదు. నాకు ఆ నీళ్ల ఒడ్డునే పెళ్లి అయింది. ఆ కళ్లం చేపలు తినే నా బిడ్డలు పెరిగారు. ఇప్పుడు నాయన లేడు, అమ్మ లేదు, నన్ను చేసుకున్నాయన లేడు. తోలు పుట్టి కట్టేవాళ్లు ఈ దిక్కున లేరు. అయినా ఆ కాలం తలుచుకుంటే నాకు ఏడుపు రాదు. ఒకటి కళ్ల ముందు నిలుస్తుంది.

అది మేము పోయిన మరుసటి ఎండాకాలం. నీళ్లు మెల్లగా వెనక్కి పోయాయి. కూలిన గోడలు, సమాధుల రాళ్లు బయటపడ్డాయి. ఒకరోజు కళ్లం తేలింది. పైన జానెడు ఒండ్రు, నెర్రెలు. అవ్వ తన మొగుడి రాయి కడిగి వచ్చి, చీపురు పట్టుకుని కళ్లంలోకి దిగింది. చూసి జేజి దిగింది. నేను దిగాను. వారం రోజులు ఒండ్రు ఎత్తాం, కొట్టుకొచ్చిన కంపలు ఏరాం. చివరికి అమ్మ పేడ కలుపుకుని వచ్చింది, బక్కెట్లు బక్కెట్లుగా. కప్పు కింద ఉండాలనుకున్న మా అమ్మ, మోకాళ్ల మీద కూర్చుని, ఆ నేలంతా అలికింది, కోతలకు అలికినట్టు.

నాయన ఒడ్డున నిలబడి నవ్వాడు. "నెలకు నీళ్లొస్తాయి. నీళ్లల్లో పేడ నిలుస్తాదా?"

"నిలవకపోతే పాయె," అన్నది అవ్వ. "అలక్కుండా ఎట్ల వదిలిపెడతాం?"

నీళ్లు వచ్చిన రోజు అందరం పోయి కళ్లం పక్కన నిలబడ్డాం. పారుతూ రాలేదు. పలచగా, నున్నగా, చాపలాగా పరుచుకుంటూ వచ్చాయి. అంచున పొట్టు, నురుగు. అలికిన నేల మీదికి ఎక్కి, కొంచెం కొంచెంగా నల్లబరిచాయి. నేను అవ్వ కొంగు పట్టుకుని వంగి చూస్తున్నాను. నీళ్లు చీలమండల దాకా వచ్చేదాకా మాలో ఎవరూ వెనక్కి జరగలేదు.